వానాకాలంలో గ్రిడ్లు ఫ్రీజ్ చేసే ముందు

వానలు మొదలయ్యాక క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (శాంపిల్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే పద్ధతి) ల్యాబుల్లో రెండు ఇబ్బందులు కలిసొస్తాయి. గాలిలో తేమ పెరిగి గ్రిడ్ల (శాంపిల్‌ను మోసే చిన్న జల్లెడ బిళ్ళల) మీద మంచు చేరుతుంది. ఆ తేమ లోపలికి రాకుండా తలుపులన్నీ మూసేస్తే, చల్లబరచడానికి వాడే లిక్విడ్ నైట్రోజన్ ఆవిరై గదిలోనే పోగవుతుంది. ఈ కాలంలో తొలిసారి ఫ్రీజింగ్ చేయబోతున్న విద్యార్థులు ఇది తప్పక చదవాలి.

కొత్తవాళ్ళు లిక్విడ్ నైట్రోజన్‌కి భయపడతారు. నన్నడిగితే ఎక్కువ భయపడాల్సింది దాని మధ్యలో చిన్న కప్పులో ఉండే, గ్రిడ్‌ను ముంచే లిక్విడ్ ఈథేన్‌కి. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలకే మరుగుతుంది. అందులో ముంచిన గ్రిడ్ చుట్టూ ఆవిరి పొర కమ్ముకుని చల్లబడటం ఆలస్యమవుతుంది, నీరు స్ఫటికాలు కట్టి శాంపిల్ పాడవుతుంది. ఈథేన్ మైనస్ 89 దాకా మరగదు కాబట్టి నీరు స్ఫటికం కట్టే వ్యవధి లేకుండా గాజులా గట్టిపడుతుంది. 1980లలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన జాక్ డుబోషే 2017లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. అయితే చర్మం మీద పడ్డప్పుడూ అడ్డుగా ఆవిరి పొర ఉండదు. ఈథేన్ చర్మానికి అతుక్కుని చలితోనే లోతుగా కాలుస్తుంది. పైగా మండే వాయువు, గాలిలో 3 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

అందుకే కప్పు నింపే పని ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే అరలోనే) చేయండి. వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది, ఫేస్ షీల్డ్ తప్పనిసరి. ట్వీజర్స్ ఆరబెట్టే హెయిర్ డ్రయర్ ఈథేన్ దగ్గర కనిపిస్తే నాకు టెన్షనే, దాన్ని వేరే బల్ల మీద పెట్టండి. మిగిలిన ఈథేన్ సింక్‌లో పోయకండి, హుడ్‌లోనే ఆవిరైపోనివ్వండి.

లీటరు లిక్విడ్ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. వాసన ఉండదు, ఊపిరాడటం లేదని తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కంటే తగ్గితే ఎంత విలువైన శాంపిల్ ఉన్నా వదిలేసి బయటికి రండి. డ్యూవార్‌ను (లిక్విడ్ నైట్రోజన్ ఉంచే ఫ్లాస్కు లాంటి పాత్రను) లిఫ్ట్‌లో పంపేటప్పుడు మనుషులెవరూ ఎక్కకూడదు. దానికి గాలి చొరబడని మూత బిగించకూడదు.

ఇక శాంపిల్ సంగతి. ట్వీజర్స్, గ్రిడ్ బాక్సులు తడి లేకుండా ఆరాకే వాడండి. నైట్రోజన్ పాత్రలో తెల్లటి మంచు ముక్కలు తేలుతుంటే పారబోసి కొత్తది పోసుకోండి. మాస్క్ పెట్టుకోండి, మన ఊపిరిలోని తేమ కూడా గ్రిడ్ మీద మంచవుతుంది. గ్రిడ్ మైనస్ 137 డిగ్రీలు దాటి వేడెక్కితే దాని మీద గాజులా గట్టిపడ్డ నీరు స్ఫటికాలుగా మారిపోతుంది, మళ్ళీ చల్లబరిచినా లాభం లేదు. కణజాలం ముక్కల్లాంటి మందపాటి శాంపిళ్ళకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి 2000 అట్మాస్ఫియర్ల పైచిలుకు ఒత్తిడితో చేసే హై ప్రెషర్ ఫ్రీజింగ్ కావాలి. ఆ మెషీన్‌ను శిక్షణ పొందినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

చర్మం కాలితే రుద్దకండి. గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.