కుస్కోలో ఆల్పాకా ఉన్ని కొనే ముందు

జూన్‌లో పెరూ వెళ్లేవాళ్లు 24వ తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు కుస్కో నగరంలో ఇంతి రైమి, అంటే ఇంకాల సూర్యుడి పండగ. అప్పుడు ఊరి నడిబొడ్డు కూడలి ప్లాజా దె అర్మాస్ చుట్టుపక్కల కాలు పెట్టే సందుండదు, జేబుదొంగలకూ అదే సీజన్. పాస్‌పోర్టు గదిలో పెట్టి, ఆ పూటకు సరిపడా డబ్బే లోపలి జేబులో ఉంచుకోండి. చిన్న నోట్లు తప్పనిసరి, ఎందుకంటే 100, 200 సోల్‌ల (సోల్ అంటే పెరూ కరెన్సీ) నోటుకు చిల్లర ఇవ్వలేక చిన్న కొట్లవాళ్లు బేరమే వదులుకుంటారు. ఊరు సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగిన రోజే గుట్ట మీది సాన్ బ్లాస్ పేట మెట్లెక్కి బేరాలాడొద్దు. ఆ ఎత్తుకు తల పగిలిపోతుంటే ఎవరైనా చెప్పిన ధరకే కొనేస్తారు.

అసలు మోసమంతా ఆల్పాకా (ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబపు జంతువు) స్వెట్టర్లలోనే. సాన్ పెద్రో మార్కెట్లోనూ ఎల్ సోల్ అవెన్యూ చివరి చేతిపనుల బజారులోనూ ప్రతి స్వెట్టరూ ‘బేబీ ఆల్పాకా’యే! బేబీ అంటే పిల్ల జంతువు ఉన్ని అనుకుంటారు, కాదు. అది సన్నదనానికి పెట్టిన గ్రేడు, పోగు 23 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండాలి. పెద్ద జంతువు నుంచీ రావచ్చు. యాభై సోల్‌లకు స్వెట్టర్ ఇస్తున్నారంటే అది యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు, లేదా సగానికి సగం కలిపినది. చేత్తో పట్టుకుని చూడండి. ఆల్పాకా తాకగానే కాస్త చల్లగా, బరువుగా ఉండి జారుతుంది. యాక్రిలిక్ తేలిగ్గా ఉంటుంది, వెలుతురులో ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. అనుమానం తీరకపోతే ముందు ఒక్కటే కొని, లోపలి కుట్టు దగ్గర వదులుగా ఉన్న రెండంగుళాల పోగు తీసి, గది బయట, పళ్లెం మీద కాల్చండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసవుతుంది. కలిపిన పోగుకు రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

ఆల్పాకాకు అడవి చుట్టమైన వికూన్యా పేరు వింటే ఇంకా జాగ్రత్త. దాని పోగు 12, 13 మైక్రాన్లే, అసలు శాలువా ధర వందల నుంచి వేల డాలర్లు. వీధిలో చవగ్గా అమ్మేది నకిలీ. పొరపాటున నిజమైనదే అయితే, అధికారిక ముద్రా కాగితాలూ లేకుండా సరిహద్దు దాటించడం అంతకన్నా పెద్ద చిక్కు.

నేత బట్టల్ని తిరగేసి చూడాలి. చేనేత తెలిసినవాళ్లకు ఇది తేలికే: ఇక్కడి సంప్రదాయ నేతలో బొమ్మ పడుగులో (నిలువు పోగుల్లో) వస్తుంది, పేక (అడ్డపోగు) దాదాపు కనిపించదు. చాలా వాటిలో వెనకవైపూ అదే బొమ్మ రంగులు తారుమారై ఉంటుంది. వెనక పోగులు వేలాడుతుంటే మిషన్ పని అని అనుమానించండి. మగ్గం మీద పూర్తిగా నేసిన గుడ్డకు నాలుగువైపులా అంచు ఉంటుంది, కత్తెర పడదు. రంగు తెలుసుకోవాలంటే అడిగి, తడి తెల్ల గుడ్డతో మూల తుడవండి. ఎరుపు అంటుకుంటే ఉతికిన మొదటిసారే మిగతా బట్టలూ పాడవుతాయి. చిన్‌చెరో ఊళ్లోనో, 1996లో మొదలైన కుస్కో సంప్రదాయ నేత కేంద్రంలోనో కొంటే ధర ఎక్కువే, కానీ ఎవరు నేశారో చెప్పగలరు. అక్కడ గీచి గీచి బేరమాడకపోవడమే మర్యాద.

సంచిలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. ‘తవ్వకాల్లో దొరికిన’ కుండ నిజమైనదైతే నేరం, అబద్ధమైతే దండగ. ప్రాచీన వస్తువులా కనిపించే నకలు కొంటే, అది వారసత్వ సంపద కాదని సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే పత్రం ముందే తీసుకోండి. మకావ్ అనే పెద్ద చిలుక ఈకల అలంకారాలు వద్దే వద్దు. కోకా ఆకు, కోకా టీ పొట్లాలు అక్కడ కిరాణా సరుకే గానీ భారత్‌లో 1985 మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి, అమెరికాలోనూ ఒప్పుకోరు. మన గురివింద గింజల్లా ఎరుపు నలుపుల్లో ఉండే వాయ్‌రూరో గింజల దండలు ముచ్చటగా ఉంటాయి. అవి విషపు గింజలు కాబట్టి పసిపిల్లలకు అందనివ్వొద్దు. గింజలు కనుక క్వారంటైన్ అధికారులు ఆపవచ్చు, దాచకుండా చెప్పేయండి.

పుకారా ఊరి పేరుతో అమ్మే మట్టి ఎద్దుల బొమ్మలకు ముందు విరిగేది కొమ్ములే. కొమ్ముల మధ్య సాక్స్ కుక్కి, చేతిసంచిలో పెట్టుకోండి. ఉన్ని బట్టలు ఇంటికి రాగానే బీరువాలో పెట్టకుండా గాలి చొరని కవర్లో వేసి, డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచండి, చిమ్మటలు గుడ్లు పెట్టి ఉంటే అవి చస్తాయి.