ద్రాక్షతోటని 'వైన్‌యార్డ్' అంటున్నారా?

ద్రాక్షతోటకి ఇంగ్లీష్ మాట పలకాల్సి వస్తే 'విన్‌యర్డ్' అనండి, 'వైన్‌యార్డ్' కాదు. స్పెల్లింగ్ (vineyard) చూస్తే ఎవరైనా అలాగే చదువుతారు లెండి, నేనూ చాలాకాలం అలాగే అన్నాను. పైగా తెలుగు లిపిలో తీగకీ (vine), ద్రాక్షసారాకీ (wine) రెంటికీ 'వైన్' అనే రాస్తాం. అందుకే అది సారా కాచే చోటేమో అనిపిస్తుంది. కాదు, అందులో ఉన్నది తీగ. సారా తయారయ్యే చోటు వైనరీ.

అనువాదంలో 'ద్రాక్షతోట' చాలు. తెలుగు బైబిల్లోనూ అదే మాట. 'ద్రాక్ష పందిరి' అని మాత్రం తొందరపడి రాయకండి. తీగలు తలమీదుగా పాకితేనే పందిరి. వరసగా గుంజలు పాతి, వాటికి కట్టిన వైర్లకి పాకించిన తోటకి ఆ మాట నప్పదు.