మూతపడిన మిల్లు ఉంటే ముందు పైకప్పు జోలికి వెళ్లకండి

మా మిల్లు ఆగిపోయిన నాటి నుంచి దాన్ని చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "లోపల టేకు దూలాలు ఎన్ని ఉన్నాయండీ?"

మండపేట దగ్గర పంటకాలువ గట్టున మా మామగారు కట్టించిన ఉప్పుడు బియ్యం మిల్లు అది. ఊక మండించే బాయిలరు, వడ్లు నానబెట్టే తొట్లు, పెంకుల కప్పు, సున్నంతో కట్టిన ఇటుక గోడలు, 1996 నవంబరు తుపానుకు కూడా చెక్కుచెదరని పొగగొట్టం. ఇలాంటిది మీ వాటాకూ ఒకటి వచ్చి, కూల్చడానికి మనసొప్పక, ఏం చేయాలో తోచక తాళం వేసి కూర్చుంటే ఇది మీ కోసం. నేను ఇంజనీరును కాను. ఒక తప్పు చేసి దాన్ని ఇన్నేళ్లుగా దిద్దుకుంటున్న మనిషిని.

తప్పేమిటో చెబుతాను. 2011 మే నెలలో తూర్పు గోదాము కప్పు విప్పించాం. కాంట్రాక్టరు టేకు తీసుకెళ్లాలి, బదులుగా రేకులు వేసి పైన కొంత డబ్బివ్వాలి. టేకు వెళ్లింది, రేకులు రాలేదు, మృగశిర కార్తె మాత్రం వేళకు వచ్చింది. నాలుగు వానలకు గోడ నెత్తిన సున్నం నాని, ఇటుకల సందుల్లోంచి తెల్లగా కారింది. దసరా నాటికి గోడ జానెడు బయటికి వాలింది.

2023లో అమ్మాయి పురుడుకు లండన్ వెళ్లినప్పుడు అల్లుడు బాటర్‌సీ పవర్ స్టేషన్ చూపించాడు, ఒకప్పుడు బొగ్గుతో కరెంటు తీసిన కేంద్రం. థేమ్స్ ఒడ్డున ఇటుకల కొండ. నాలుగు కోళ్లూ పైకి పెట్టి బోర్లించిన మంచంలా నాలుగు తెల్లటి పొగగొట్టాలు, నేల నుంచి 103 మీటర్ల ఎత్తున. 1929లో మొదటి సగం మొదలైంది. మధ్యలో యుద్ధం వచ్చి రెండో సగం పూర్తయ్యేసరికి 1955. బయటి రూపం గీసిన గైల్స్ గిల్బర్ట్ స్కాట్ లండన్ ఎర్ర టెలిఫోన్ పెట్టెకూ రూపకర్తే. బొగ్గు ఓడల్లో వచ్చేది. మిగిలిన వేడిని నది కింద గొట్టాల్లో అవతలి ఒడ్డు ఇళ్లకు పంపేవారట. మామగారు వింటే మెచ్చుకునేవారు, ఆయన ఊక బూడిదను కూడా వదలకుండా అమ్మేవారు.

1975లో పాత సగం, 1983లో మిగతాదీ మూతపడ్డాయి. 1980లోనే దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు కాబట్టి కూల్చడానికి లేదు. ఒకాయన వినోదాల పార్కు చేస్తానని కొన్నాడు. లోపలి యంత్రాలు బయటికి లాగడానికి కప్పు తీయించాడు, పడమటి గోడ పడగొట్టించాడు. 1989లో డబ్బు చాలక పని ఆగిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉక్కు చట్రం వానకు తడిసి తుప్పు పట్టింది. యజమానులు మారారు, నమూనాలు మారాయి, కప్పు మాత్రం రాలేదు. 2012లో మలేషియా సంస్థలు 40 కోట్ల పౌండ్లకు కొన్నాక గానీ పని సాగలేదు. జనానికి తలుపులు తెరిచింది 2022 అక్టోబరులో.

అల్లుడు ఇదంతా చెబుతుంటే నాకు మా తూర్పు గోదామే కనిపించింది. అంత డబ్బున్న ఊళ్లోనూ ఇదే తప్పా అనుకున్నాను. కొంచెం ఊరట కూడా కలిగింది, దాచడమెందుకు.

ఇప్పుడు పని సంగతి. తాళం తీసిన రోజు చీపురు కూడా పట్టుకోవద్దు. కొలతల టేపు, ఫోను, మిల్లులో పనిచేసిన పాత మనిషిని ఒకరిని తీసుకెళ్లండి. మా పెద్దమేస్త్రికి ఇప్పుడు డెబ్బై దాటాయి. కాటా వెనక గోడకు నేను వెల్ల వేయించబోతుంటే "ఆగండమ్మగారూ" అని చేయి అడ్డుపెట్టాడు. దగ్గరికి వెళ్లి చూస్తే గోడ నిండా పెన్సిలు గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలా వరుసలు వరుసలుగా. బస్తాల లెక్క. ఒకచోట లెక్క సగంలో ఆగి పక్కన "వాన" అని రాసి ఉంది. ఆ చేతిరాత ఎవరిదో మేస్త్రి చెప్పగలిగాడు. వెల్ల వేసి ఉంటే ఆ లెక్క అక్కడితో సరి. బాటర్‌సీలో పాత కంట్రోలు గదిని దాని మీటలు, మీటర్ల ముళ్లతో సహా అలాగే ఉంచారు.

తర్వాత ఆ కప్పు కింద ఏమి జరగబోతోందో తేల్చుకోండి. అందరూ కల్యాణ మండపం అంటారు. మా మిల్లు నడిమధ్య వరుసగా స్తంభాలున్నాయి. పెళ్లికొచ్చిన వాళ్లలో సగం మంది స్తంభాన్నే చూస్తూ అక్షతలు వేయాలి. అందుకని పడమటి గోదామును మినుములు నిల్వ చేసుకునే రైతులకు అద్దెకిచ్చాను. రాబడి చిన్నదే, కానీ గోడలకు ఏమీ చేయనక్కర్లేదు. ఉన్న భవనానికి నప్పే పని దొరికితే ఖర్చు సగం తగ్గినట్టే.

కప్పు బాగు చేయాలంటే ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు మొదలుపెట్టండి. నేలలో చెమ్మ అప్పుడే తగ్గుతుంది, పునాది పగుళ్లు కూడా అప్పుడే బయటపడతాయి. ఒకసారికి ఒక్క గది. మృగశిర లోపు తిరిగి కప్పగలిగినంత మేరకే పెంకులు దించండి. కొత్త పెంకులు ఆవరణలోకి వచ్చాకే పాతవాటి మీద చేయి వేయండి. డబ్బు సగం చేతిలో ఉండి సగం వస్తుందన్న ఆశ ఉంటే ఆ ఏడాదికి ఆగండి.

గోడ సందును మేకుతో గీరి చూడండి. మెత్తగా తెల్లటి పొడి రాలితే అది సున్నం గోడ. దానికి సిమెంటు పూత వేయవద్దు. సున్నం గోడ చెమ్మ పీల్చి మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నీరు లోపలే ఉండి ఇటుకలు పొట్టు రేగుతాయి. నాననిచ్చిన సున్నంతోనే సందులు నింపించండి. తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం, వెతకాలి. ఇటుకలూ అంతే. బాటర్‌సీ వాళ్లు తొలినాళ్లలో ఇటుకలు పంపిన బట్టీలనే వెతికి మళ్లీ పోయించారు. మేము పడగొడుతున్న పాత మండువా ఇంటి ఇటుకలు కొన్నాం.

పొగగొట్టం మీద రావి మొక్క మొలిస్తే పీకవద్దు. వేరుతో పాటు ఇటుకా వస్తుంది. కోసేయండి, చిగురిస్తే మళ్లీ కోయండి, వేరు చచ్చాక సున్నంతో పూడ్చండి. కొత్తవాళ్లను మాత్రం ఎక్కించవద్దు. బాటర్‌సీ గొట్టాలు కాంక్రీటువి, లోపలి ఇనుము తుప్పు పట్టడంతో నాలుగింటినీ దించి అదే ఆకారంలో మళ్లీ కట్టాల్సి వచ్చింది. అందులో ఒకదానిలో ఇప్పుడు గాజు లిఫ్టు తిరుగుతోంది.

బాయిలరు మీద చెక్కిన రిజిస్ట్రేషను నంబరు రాసిపెట్టుకోండి. ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లటి పీచు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే రాతినార) కావచ్చు, దాన్ని కోయించవద్దు, ఊడ్పించవద్దు. మిల్లుకు పెద్ద కరెంటు కనెక్షను ఇంకా ఉంటే వెంటనే రద్దు చేయించుకోండి. యంత్రం తిరగకపోయినా కనీస ఛార్జీ తిరుగుతూనే ఉంటుంది.

మా తూర్పు గోడను రెండేళ్ల కిందట సగం దాకా విప్పి నిలువుగా కట్టించాం. మిగతా సగానికి ఇటుకలు కాటా పక్కన పేర్చి ఉన్నాయి. మేస్త్రి వాటిని లెక్కపెట్టి, ఆ పెన్సిలు గీతల కిందే తానూ గీతలు గీశాడు.