సమాచార హక్కు సాధన – 3వ పాఠం: సంజాయిషీ వద్దు, కాగితం అడగండి

దరఖాస్తు పౌర సమాచార అధికారి పేరున పెట్టాలని గత పాఠంలో తేల్చుకున్నాం. అందులో ఏం రాయాలన్నది ఈ పాఠం. అసలు పస ఇక్కడే ఉంది.

విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక వీధి అనుకుందాం. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తాక మురుగుకాలువలో పూడిక తీశామంటారు. గట్టి వాన పడితే మాత్రం నీళ్లు గుమ్మం ఎక్కుతాయి. కడుపు మండినవారు సాధారణంగా ఇలా రాస్తారు: “పని ఎందుకు సరిగా చేయలేదు? దీనికి మీ సమాధానం ఏమిటి?” అధికారి దీన్ని ఒక్క ముక్కలో తోసిపుచ్చగలరు. 2005 నాటి చట్టం ఆయన్ను అడిగేది కార్యాలయంలో ఉన్న రికార్డు ఇమ్మనే. సంజాయిషీ రాసిమ్మని కాదు.

అదే కోపాన్ని కాగితాల పేర్లలోకి మార్చండి:

“ఫలానా వీధి మురుగుకాలువలో 2024 సెప్టెంబరు 1 నుంచి 2025 మార్చి 31 వరకు జరిగిన పూడికతీతకు సంబంధించిన అంచనా, వర్క్ ఆర్డర్, ఎం.బుక్ (కొలతల పుస్తకం)‌లో కొలతలు నమోదైన పేజీలు, చెల్లించిన బిల్లుల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు.”

ఎం.బుక్‌ను మాత్రం వదలకండి. ఎంత పొడవున, ఎంత లోతున పని జరిగిందో కొలిచి ఇంజనీరు సంతకం చేసేది అందులోనే. బిల్లు కదిలేది దాన్ని బట్టే. ఆ పేజీ, ఒక టేపు పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్తే వాదనతో పని లేదు. కొత్తగా కట్టిన సిమెంటు కాలువైతే సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేస్తామని, సామగ్రి నమూనా కావాలని కూడా అడగవచ్చు. చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వెసులుబాటు ఇదే. ఎందుకో దీని జోలికి వెళ్లేవారు తక్కువ.

ఈ సమాచారం మీకెందుకో రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) చదువుకోండి. “పదేళ్ల రికార్డులన్నీ” అని మూటగట్టి అడగడం మాత్రం చేజేతులా తిరస్కరణకు సాకు అందించడమే.

రుసుము నగరపాలక సంస్థలో 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే చాలు. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోనిదే కౌంటరు దగ్గర నుంచి కదలకండి. అధికారి జవాబివ్వాల్సిన 30 రోజుల గడువు లెక్కకు అదే ఆధారం.

అభ్యాసం: మీ వీధిలో ఈ మధ్య జరిగిన ఒక పని ఎంచుకుని, “ఎందుకు” అన్న మాట లేకుండా దరఖాస్తు రాయండి. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే వేయాల్సిన మొదటి అప్పీలు గురించి వచ్చే పాఠంలో.