బతుకమ్మ గిరాకీకి ముందే సైటు సంగతి చూసుకోండి

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలను సొంత వెబ్‌సైటులో అమ్ముకునేవారికి అసలు గిరాకీ అమావాస్య నుంచి అమావాస్య దాకా. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దీపావళితో ముగుస్తుంది. ఆ నెలలో సైటు ఆగితే హ్యాకర్ల పనేమోనని కంగారుపడతారు. చిన్న దుకాణాల విషయంలో కారణం సాధారణంగా అంత ఘనమైనదేమీ కాదు. గడువు దాటిన చెల్లింపో, ముందురోజు సాయంత్రం ఎవరో చేసిన మార్పో అయి ఉంటుంది. ఈ రెండూ శ్రావణంలోనే సరిచూసుకోదగ్గవి.

మొదట చూడవలసింది డొమైన్, అంటే మీ సైటు చిరునామా పేరు, ఎవరి ఖాతాలో ఉందో. సైటు తయారుచేసిన కుర్రవాడు తన ఈమెయిల్‌తోనే కొని ఉంటాడు, ఆ తర్వాత హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఉంటాడు. రెన్యూవల్ హెచ్చరికలన్నీ అతనికే వెళ్తాయి. మీ పొలానికి ఇంకొకరి పేరున పట్టా ఉన్నట్టే ఇది. ఖాతాను మీ ఫోన్ నంబరుకు, మీ ఈమెయిల్‌కు మార్పించుకోండి. అయితే ఆ ఈమెయిల్ మీ సైటు పేరుతో ఉన్నది కాకూడదు. డొమైన్ గడువు తీరిన రోజున సైటుతో పాటు ఆ ఈమెయిల్ కూడా ఆగిపోతుంది; పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. వీలైతే రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టేయడం మేలు.

భద్రతా సర్టిఫికెట్, అంటే సైటుతో జరిగే ఇచ్చిపుచ్చుకోవడం సురక్షితమని బ్రౌజర్‌కు చూపే పత్రం, దాని తేదీ కూడా చూడండి. ఉచితంగా దొరికేవాటిలో చాలావాటి గడువు 90 రోజులకు మించదు. అవి తమంతట తామే రెన్యూ కావాలి. కాకపోతే సైటు నడుస్తున్నా బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అని హెచ్చరిస్తుంది. డబ్బు కట్టబోయే మనిషికి ఆ మాట చాలు, వెనక్కి వెళ్లిపోవడానికి.

పండుగకు వారం ముందు నుంచి సైటుకు కొత్త డిజైన్లు, కొత్త ప్లగిన్‌లు (సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) వద్దు. బ్యాకప్‌ను, అంటే సైటు నకలును, హోస్టింగ్ కంపెనీ (మీ సైటును తన కంప్యూటర్లలో ఉంచి నడిపే సంస్థ) దగ్గరే వదిలేయకుండా ఒక కాపీని మీ కంప్యూటర్‌లో దాచండి. ఒకసారైనా తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

చేనేతకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఒకటుంది. చాలా చీరలు ఒక్కో డిజైనులో ఒక్కటే ఉంటాయి. చెల్లింపు మధ్యలో సైటు ఆగితే డబ్బు పేమెంట్ గేట్‌వేకు (మీ తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సంస్థకు) చేరవచ్చు, ఆర్డరు మాత్రం నమోదు కాదు. చీర ఇంకా అమ్మకానికే కనిపిస్తుంది, మరొకరు కొంటారు. కాబట్టి సైటు లేవగానే గేట్‌వే ఖాతాలోని చెల్లింపులను ఆర్డర్ల జాబితాతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. అది తేలేదాకా కొనుగోలుదారును మళ్లీ డబ్బు కట్టమనకండి. యూపీఐలో డబ్బు పోయి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా అది వెనక్కి వెళ్లాలని, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. గేట్‌వేకు చేరిన సొమ్ము సంగతి వేరు. చీర పంపడమో, డబ్బు తిరిగి ఇవ్వడమో మీ పని.

సైటు ఆగిందని తెలియగానే వైఫై తీసేసి మొబైల్ డేటాతో తెరిచి చూడండి, వేరే ఊళ్లో ఉన్న చుట్టాన్నీ చూడమనండి. మీ ఇంటి ఇంటర్నెట్‌దే తప్పు కావచ్చు. నిజంగానే ఆగితే వెంటనే ఆన్‌లైన్ ప్రకటనలు ఆపేయండి. తెరుచుకోని పేజీకి పంపే ప్రతి క్లిక్కుకూ డబ్బు పోతూనే ఉంటుంది. కంగారులో డొమైన్ సెట్టింగులు కదిలించవద్దు, ఆ మార్పు అందరికీ చేరడానికి గంటలు పట్టవచ్చు. బాగుచేస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లు కూడా అప్పుడే తగులుతారు. హోస్టింగ్ కంపెనీ నంబరు, మీ ఖాతా సంఖ్య ముందే కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకుంటే వాళ్ల అవసరం రాదు.

కొన్నిసార్లు మన చేతిలో ఏమీ ఉండదు. 2025 అక్టోబరు 20న, సరిగ్గా దీపావళి నాడు, అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ (ఎన్నో సైట్లను నడిపే అమెజాన్ వారి అద్దె కంప్యూటర్ల సేవ) దెబ్బతిని ప్రపంచమంతటా ఎన్నో సైట్లు ఆగాయి. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు పనిచేయలేదు. అందుకే పాత కొనుగోలుదారుల నంబర్లు వాట్సాప్‌లోనే కాక విడిగా కూడా ఉండాలి, మామూలు ఎస్సెమ్మెస్ పంపడానికి.

సైటు తిరిగి వచ్చాక మీరే తక్కువ ధర వస్తువు ఒకటి కొని చూడండి. డబ్బు గేట్‌వేకు, ఆర్డరు జాబితాకు, సందేశం మీ ఫోనుకు చేరాకే ప్రకటనలు మళ్లీ మొదలుపెట్టండి.