అభిమానుల సినిమా వికీలో నియమాలు కొత్తవాళ్ళకి ఎక్కేలా రాయడం

విజయవాడ గాంధీనగర్‌లో మార్నింగ్ షో చూసి బయటికొచ్చిన కుర్రాడు మీ వికీ నియమాల పేజీ తెరవడు. తన హీరో పేజీ తెరుస్తాడు, అందులో ఏదో తప్పు కనబడుతుంది, ఫోన్లోనే దిద్దేస్తాడు. పది నిమిషాల్లో పాత సభ్యుడొకరు ఆ మార్పును తిప్పేసి (రద్దుచేసి పేజీని మునుపటిలా చేసి), దిద్దుబాటు సారాంశంలో (మార్పుతో పాటు రాసే చిన్న వివరణలో) ‘నియమాలు చూడండి’ అని రాస్తారు. ఆ నియమాలేమో నలభై పేరాలు. ఒక్కోటీ ఎప్పుడో జరిగిన ఒక్కో గొడవ తర్వాత చేరింది, ఆ గొడవ ఎరిగినవాళ్ళకి తప్ప అర్థం కాదు. కుర్రాడు మళ్ళీ రాడు.

దీన్ని బాగుచేయాలంటే కొత్త నియమాలు రాయడంతో మొదలుపెట్టకండి, తిప్పేసిన మార్పులు చదవడంతో మొదలుపెట్టండి. వికీని నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ. దాని 1.36 వెర్షన్ నుంచి, తిప్పేసిన మార్పుకు ఆ సంగతి తెలిపే ట్యాగు దానంతటదే పడుతుంది. ‘ఇటీవలి మార్పులు’లో ఆ ట్యాగునూ, కొత్త సభ్యుల వడపోతనూ కలిపి పెట్టండి. సెట్టింగులు మార్చకపోతే 90 రోజుల వరకు దొరుకుతాయి. ఓ వంద మార్పులు తీసుకుని కుప్పలు పోయండి: మూలం లేని వసూళ్ళు, మారిన ఊళ్ళ పేర్లు, ఒకే మనిషికి రెండు పేజీలు, విరిగిన మూసలు (పేజీలో వివరాలు నింపడానికి పెట్టే సిద్ధ నమూనాలు), పాట మొత్తం అతికించడం. కుప్పలో అయిదు కూడా లేకపోతే దానికి నియమం అక్కర్లేదు, చర్చ పేజీలో ఒక మాట చాలు. ఆకతాయి పనుల్ని ఈ లెక్కలోంచి తీసేయండి. అవి నియమాలతో ఆగేవి కావు.

ఇప్పుడు పెద్ద కుప్పలకి నియమం రాయాలి. ప్రతిదానిలోనూ మూడు ముక్కలుండాలి: ఏం చేయాలి, తప్పూ ఒప్పూ పక్కపక్కన ఒక ఉదాహరణ, ఎందుకు. ఈ మూడోదే అందరూ వదిలేసేది. కారణం తెలియని నియమాన్ని కొత్తవాడు తప్పు అనుకుని దిద్దుతాడు.

మన జిల్లాల సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం. కృష్ణా జిల్లాకి మచిలీపట్నం కేంద్రం. నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. ఇది తెలిసిన సభ్యుడు వసూళ్ళ పట్టికలో ‘కృష్ణా’ అన్నచోట శ్రద్ధగా ‘ఎన్టీఆర్ జిల్లా’ అని మారుస్తాడు. మంచి మనసుతో చేసిన పనే, కానీ తప్పు. సినిమా వ్యాపారంలో కృష్ణా, గుంటూరు అంటే జిల్లాలు కావు, డిస్ట్రిబ్యూషన్ ఏరియాలు, అంటే సినిమా పంపిణీకి గీసుకున్న ప్రాంతాలు. అవి జిల్లాల విభజనతో మారలేదు. విజయవాడ వసూళ్ళు ఇప్పటికీ కృష్ణా ఏరియాలోకి, నరసరావుపేటవి గుంటూరు ఏరియాలోకి వస్తాయి. ‘ఏరియా పేర్లు మార్చరాదు’ అని మాత్రమే రాసిన నియమం ఈ సభ్యుణ్ణి ఆపదు. ఇలా రాయండి:

‘వసూళ్ళ పట్టికలో కృష్ణా, గుంటూరు అనేవి డిస్ట్రిబ్యూషన్ ఏరియాల పేర్లు. జిల్లాలు మారినా ఇవి మారలేదు కాబట్టి అలాగే ఉంచండి. థియేటర్ చిరునామా రాసేటప్పుడు మాత్రం ఇప్పటి జిల్లా పేరే రాయండి.’

మూడు వాక్యాల్లో కారణమూ మినహాయింపూ రెండూ వచ్చేశాయి. ఏ నియమమూ ఇంతకన్నా పెద్దగా ఉండనక్కర్లేదు.

సెంటర్ల లెక్కకి, అంటే సినిమా ఎన్ని ఊళ్ళలో వంద రోజులు ఆడిందనే లెక్కకి, మాత్రం కొంచెం ఎక్కువ చోటివ్వాలి. అభిమానులు అసలు కొట్టుకునేది ఇక్కడే. సెంటర్ అంటే ఊరు, థియేటర్ కాదు. విజయవాడలో మూడు థియేటర్లలో వంద రోజులు ఆడినా అది ఒక్క సెంటరే. ఒకే థియేటర్లో రోజంతా అన్ని ఆటలతో నడిస్తే డైరెక్ట్. థియేటర్ మారి ఆడితే షిఫ్టింగ్. రోజుకి ఒక్క నూన్ షో మీద లాగితే అది మూడో రకం. ఈ మూడింటినీ ఒకే అంకెలో కలిపితే ఆ పేజీలో రోజూ యుద్ధమే. అందుకని పట్టికలో మూడు నిలువు వరుసలు పెట్టి, ప్రతి వరుస నెత్తిన నిర్వచనం రాయండి. షేర్, గ్రాస్ కూడా అంతే. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్, పన్నూ థియేటర్ అద్దే పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. ఒకే గడిలో ఒకరు ఇదీ ఇంకొకరు అదీ రాస్తుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఒకరి మార్పు ఒకరు తిప్పేసుకుంటారు.

మూలాల నియమంలో ‘నమ్మదగిన మూలం ఇవ్వాలి’ అని రాసి ఊరుకుంటే ప్రతివాడికీ తన హీరో పోస్టరే నమ్మదగినది. మెట్లు చెప్పండి: విడుదల తేదీకి ఆనాటి పత్రికలో వచ్చిన ప్రకటన, సెన్సారు సర్టిఫికెట్ తేదీ పైమెట్టు, ఏళ్ళ తర్వాత రాసిన జ్ఞాపకాలు కిందిమెట్టు, అభిమాన సంఘాల పోస్టర్లు మూలమే కావు. ఎందుకో చెప్పడానికి ‘భక్త ప్రహ్లాద’ను మించిన ఉదాహరణ లేదు. తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు ఒకరిని చూసి ఒకరు రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చారు. వంద చోట్ల ఉందంటే వంద మూలాలున్నట్టు కాదు. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు మూడూ అడగండి. క్లిప్పింగ్ ఫొటోలో తేదీ కత్తిరించేసి ఉంటే ఒప్పుకోకండి.

రాతలో కంటికి కనబడని చిక్కు ఒకటుంది. ‘అలంకార్’ అని టైపు చేస్తే చివర పొల్లు వస్తుంది. కొందరి కీబోర్డూ, చాలా పత్రికల సైట్లలోంచి కాపీ చేసిన పాఠ్యమూ ఆ పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని అక్షరాన్ని చేరుస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే. మీడియావికీకి మాత్రం రెండూ వేర్వేరు పేర్లు, కాబట్టి ‘అలంకార్ థియేటర్’కి రెండు పేజీలు పుడతాయి. వెతుకులాటలో ఒకటే దొరుకుతుంది, ఎర్ర లింకు (ఆ పేరుతో పేజీ లేదని చెప్పే లింకు) చూసి కొత్తవాడు ఇంకోటి సృష్టిస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. నియమం ఇలా పెట్టుకోండి: పేరులో మాట చివర, అంటే ఖాళీ ముందు గానీ పేరు ముగిసేచోట గానీ, ఆ అక్షరం ఉండకూడదు, ‘రాజ్‌కుమార్’ లాంటి మాట మధ్యలో, ఒత్తు పడకుండా ఉండటానికి, ఉండాలి. ఆ అక్షరంతో మాట ముగిసే పేర్లను నెలకోసారి నిర్వాహకులే వెతికి దారిమార్పులు (ఒక పేరు తెరిస్తే అసలు పేజీకి తీసుకెళ్ళే ఏర్పాటు) చేయాలి. కొత్తవాళ్ళ పేజీలో దీని ప్రస్తావనే వద్దు, బెదిరిపోతారు.

పాటలకి రెండు వాక్యాలు చాలు. గీత రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా మన దేశంలో కాపీహక్కు ఉంటుంది, కాబట్టి పల్లవి తొలి పంక్తి, గాయకులు, రచయిత పేర్ల వరకే. తెలుగు వికీపీడియా నుంచి పాఠ్యం తెచ్చుకునేవాళ్ళకి ఇంకో మాట: అది 2023 జూన్ నుంచి సీసీ బై-ఎస్‌ఏ 4.0 (పేరు చెప్పి, అదే షరతుతో వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్) లైసెన్సులో ఉంది. మీ వికీ ఇంకా ఆ లైసెన్సు పాత వెర్షన్ 3.0లోనే ఉంటే అక్కడి కొత్త పాఠ్యాన్ని ఇక్కడ అతికించడం కుదరదు.

ఇవన్నీ రాశాక అసలు పని, వాటిని తప్పు జరిగే చోటికి తీసుకెళ్ళడం. దిద్దుబాటు పెట్టె పైన నోటీసు పెట్టొచ్చు, కానీ కంప్యూటర్లో కనబడిన నోటీసు ఫోన్లో కనబడకపోవచ్చు. మీ ఫోన్లో లాగవుట్ అయి చూసుకోండి. ఎక్కడైనా పనిచేసేది మూసలోనే దాచిన వ్యాఖ్య:

{{సినిమా పెట్టె
| విడుదల = <!-- 1932 ఫిబ్రవరి 6 పద్ధతిలో -->
| బొమ్మ = <!-- ఫైలు పేరొక్కటే. ముందు ‘ఫైలు:’ వద్దు -->
| షేర్ = <!-- మూలంతో. గ్రాస్ కింది గడిలో -->
| గ్రాస్ =
}}

పేజీలో ఈ వ్యాఖ్య కనబడదు, సోర్సు తెరిచినవాడికే కనబడుతుంది. ఖాళీ మూసను ప్రీలోడ్ పేజీగా (కొత్త పేజీ తెరవగానే ముందే నిండి ఉండే పాఠ్యంగా) పెట్టి, ఇన్‌పుట్‌బాక్స్ పొడిగింతతో ‘కొత్త సినిమా పేజీ’ అనే బొత్తాం ఇస్తే మూసలు విరగడం చాలావరకు తగ్గుతుంది. కింద రెండు మీసాల బ్రాకెట్లు చెరిపేయడం మాత్రం ఆగదు. దానికి మునుజూపు (భద్రపరిచే ముందు పేజీ ఎలా ఉంటుందో చూసుకోవడం) అలవాటు చేయడమే మందు.

‘మొదటి దిద్దుబాటు’ పేజీ వేరుగా ఉండాలి, ఫోన్లో రెండు తెరలు దాటకూడదు. ప్రయోగశాలకి (దిద్దడం సాధన చేసే పేజీకి) లింకు, ఒక అక్షరదోషం దిద్దే పని, మునుజూపు, సారాంశంలో ఏం రాయాలో ఒక నమూనా, సందేహాలకి రచ్చబండ (అందరూ చర్చించుకునే పేజీ). అంతే. నిర్వాహకుల హక్కులు, నిరోధాల చరిత్ర ఇక్కడ అనవసరం.

తిప్పేసేటప్పుడు వాడే సందేశం కూడా పత్రాల్లో భాగమే, దాన్ని కూడా మూసగా రాసి ఉంచండి: ‘నమస్తే అండీ. మీరు చేర్చిన షేర్ అంకెకి మూలం లేక తాత్కాలికంగా తీశాను. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు చెబితే నేనే చేరుస్తాను, లేదా మీరే చేర్చవచ్చు.’ ఇందులో ఏ అంకె తీశారో చెప్పడం ముఖ్యం. మొత్తం మార్పు తిప్పేయకుండా తప్పున్న ముక్క ఒక్కటే తీయండి. నాలుగు మంచి వాక్యాలు ఒక చెడ్డ అంకెతో కలిసి కొట్టుకుపోవడం కొత్తవాళ్ళ ప్రధాన ఫిర్యాదు, న్యాయమైన ఫిర్యాదు కూడా.

చివరిగా పరీక్ష. వికీ ఎప్పుడూ దిద్దనివాళ్ళని ముగ్గురిని పట్టుకోండి, గుంటూరు నాజ్ సెంటర్లో టీ తాగుతున్న కాలేజీ పిల్లలైనా సరే. వాళ్ళ ఫోనే ఇచ్చి రెండు పనులు చెప్పండి: ఒక అక్షరదోషం దిద్దాలి, ఒక విడుదల తేదీ మూలంతో చేర్చాలి. పక్కన కూర్చుని నోరు కట్టేసుకోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్ళింది, ఏ మాట రెండుసార్లు చదివారు, అవి రాసుకోండి. ‘మూస’, ‘దారిమార్పు’ లాంటి మాటల దగ్గర కచ్చితంగా ఆగుతారు. మాట మార్చనక్కర్లేదు, మొదటిసారి వచ్చినచోట పక్కన ఒక వివరణ రాయండి. ముగ్గురూ ఒకే చోట ఆగితే ఆ వాక్యం తిరగరాయండి. ఒక్కరే ఆగితే వదిలేయండి.

మార్చిన నియమాన్ని రచ్చబండలో వారం రోజులు ఉంచి, పేజీ నెత్తిన ‘చివరిసారి సరిచూసిన తేదీ’ వేయండి. మూడు నెలలకోసారి మళ్ళీ తిప్పేసిన మార్పుల వంద తీసి, పాత కుప్పల పక్కన పెట్టి చూడండి. కుప్ప తగ్గని నియమాన్ని మరింత గట్టిగా రాయకండి, అది ఏ చోట కనబడుతోందో మార్చండి.