సైకిల్ మోటారు చైన్ టెన్షనర్ స్పోకుల్లోకి పోకుండా సరిచేయడం ఎలా?

పాత సైకిల్‌కి పెట్రోలు మోటారు కిట్టు బిగించినవాళ్ళకి ఎక్కువ తలనొప్పి ఇంజనుతో రాదు, ఎడమవైపు చైన్ కింద ఉండే చిన్న చక్రంతో వస్తుంది. అదే టెన్షనర్. కటకటమని మోగుతుంది, చైన్ జారుతుంది, టైము బాగోకపోతే దాన్ని పట్టుకుని ఉండే బ్రాకెట్ మొత్తం లోపలికి తిరిగి స్పోకుల్లో పడి వెనక చక్రాన్ని పట్టేస్తుంది. మైపాడు బీచి రోడ్డులో స్పీడు మీద ఉండగా అట్టా పట్టేసిందంటే మోకాళ్ళు దోక్కుపోవడంతో సరిపెట్టుకోవాలి.

అప్పుడు అందరూ చేసేది ఒకటే, స్పానర్ తీసుకుని టెన్షనర్‌నే ఇంకాస్త బిగించడం. నేనైతే దాని మీద చెయ్యి చివర్లోనే వేయమంటాను, ఎందుకంటే తప్పు చాలాసార్లు వెనక స్ప్రాకెట్‌లోనో, అంటే చైన్ ఎక్కే పళ్ళ చక్రంలోనో, చైన్ పొడవులోనో ఉంటుంది, దెబ్బ మాత్రం టెన్షనర్ తింటుంది.

ఇంజను లాగుతున్నప్పుడు పై చైన్ బిగుసుకుంటుంది, కింది చైన్ వదులవుతుంది. ఆ వదులు చైన్‌ని కాస్త ఎత్తి పట్టుకోవడమే టెన్షనర్ పని. కానీ తొక్కి స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ వదిలిన క్షణంలో చక్రమే ఇంజన్ని తిప్పాలి కదా, అప్పుడు కింది చైన్ ఒక్కసారిగా బిగిసి రోలర్‌ని, అంటే టెన్షనర్ చిన్న చక్రాన్ని, కిందికి తన్నుతుంది. స్పీడులో యాక్సిలరేటర్ వదిలేసినప్పుడూ ఇదే జరుగుతుంది. రోలర్ ఎంత ఎత్తుగా ఉంటే ఆ తన్ను అంత గట్టిగా తగులుతుంది. చైన్ కొంచెం పక్కకి లాగుతూ ఉంటే బ్రాకెట్ స్పోకుల వైపు తిరుగుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజను చల్లారనివ్వండి, పెట్రోలు ట్యాప్ మూసి ప్లగ్ క్యాప్ పీకేయండి. మన పెద్ద సైకిళ్ళకి రెండు కాళ్ళ స్టాండు ఉంటుంది కాబట్టి దాని మీద నిలబెడితే వెనక చక్రం గాల్లో ఉంటుంది, తలకిందులు చేసి పెట్రోలు ఒలకబోసుకునే పని లేదు. క్లచ్ లివర్ నొక్కి లాక్ చేస్తే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. తిప్పేటప్పుడు టైరు పట్టుకునే తిప్పండి, చైన్ పట్టుకుని కాదు. చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య వేలు పడితే గోరుతో పోదు.

ముందు స్ప్రాకెట్ చూడాలి. కిట్టులో వచ్చే పెద్ద స్ప్రాకెట్ స్పోకులకి అటూ ఇటూ రబ్బరు రింగులు పెట్టి 9 బోల్టులతో బిగించేది, దాన్ని నడిమధ్యలో నిలపడమే అసలు పని. కింది పైపుకి, అంటే పెడల్ దగ్గర నుంచి వెనక ఇరుసుకి పోయే ఎడమ పైపుకి, ఒక చీపురుపుల్ల కట్టి దాని కొన పళ్ళకి తగిలీ తగలనట్టు పెట్టండి. చక్రం మెల్లగా తిప్పుతుంటే పళ్ళు పుల్లకి దగ్గరయ్యే చోటూ దూరమయ్యే చోటూ తెలిసిపోతాయి, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోండి. పక్కకి ఊగుతుంటే బయటికి వచ్చిన వైపు బోల్టులు కాస్త బిగించి ఎదుటివైపువి కాస్త వదలాలి. పైకీ కిందికీ ఊగుతుంటే బోల్టులన్నీ కొంచెం వదులు చేసి, ఎత్తుగా ఉన్న చోట చెక్క అడ్డం పెట్టి సుత్తితో మెత్తగా తట్టి, మళ్ళీ ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. వరసగా చుట్టూ బిగించుకుంటూ పోతే మళ్ళీ వంకరే. విసుగొచ్చే పనే, మధ్యాహ్నం అంతా పట్టినా పట్టనివ్వండి. పక్క ఊపు 1, 2 మిల్లీమీటర్లలోకి వచ్చేదాకా వదలొద్దు. ఇది కుదిరితే సగం రోగం పోయినట్టే.

తర్వాత వెనక నుంచి ఒక కన్ను మూసి చైన్ వెంట చూడండి. ఇంజను దగ్గరి చిన్న స్ప్రాకెట్, వెనక పెద్ద స్ప్రాకెట్ ఒకే గీతలో ఉండాలి. పెద్ద స్ప్రాకెట్ తట్టలాగా కొంచెం లోతుగా ఉంటుంది, దాన్ని తిరగేసి బిగిస్తే గీత లోపలికో బయటికో జరుగుతుంది. టైరుకీ చైన్‌కీ మధ్య సందు ఉండాలన్నది మరిచిపోకండి.

చైన్ పొడవు దగ్గర ఒక చిక్కుంది. మన సైకిళ్ళకి ఇరుసు గాడి వెనక్కి తెరిచి ఉంటుంది కాబట్టి చక్రాన్ని వెనక్కి లాగితే మోటారు చైన్ బిగుస్తుంది, కానీ కుడివైపు పెడల్ చైన్ కూడా దాంతోపాటే బిగుస్తుంది. అందుకని ముందు పెడల్ చైన్‌కి సరిపోయేలా చక్రం పెట్టి, నిటారుగా ఉందో లేదో చూసి ఇరుసు నట్లు బిగించేయండి. ఆ తర్వాత టెన్షనర్ పూర్తిగా తీసేసి మోటారు చైన్ ఎంత వేలాడుతోందో చూడండి. బాగా వేలాడుతుంటే లింకులు తీయాల్సిందే. జత లింకులు తీస్తే 1 అంగుళం తగ్గుతుంది. అంత తీస్తే అందకపోతే హాఫ్ లింకు వేస్తే అర అంగుళం దగ్గర సర్దుకుంటుంది. చైన్ లాక్ క్లిప్పు పెట్టేటప్పుడు మూసి ఉన్న కొన చైన్ నడిచే దిశలో ఉండాలి, తిరగేసి పెడితే దారిలో ఊడిపోతుంది.

ఇదే పనిలో పనిగా చైన్ అరుగుదల కూడా కొలిచేయండి. కిట్ల చైన్ ఎక్కువగా 415 రకం, లింకుకి అర అంగుళం. కొత్తదైతే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు వస్తాయి. స్కేలు పెడితే 12 అంగుళాలు దాటి ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే మార్చేయడమే. మామూలు సైకిల్ చైన్ దీనికంటే సన్నగా ఉంటుంది, చవకని అది వేయొద్దు. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడిలో తిరిగే బండికీ, ముత్తుకూరు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండికీ చైన్ త్వరగా పోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో తడిస్తే అదే రోజు తుడిచి నూనె వేయాలి, తెల్లారేసరికి తుప్పు పడుతుంది.

ఇప్పుడు టెన్షనర్. ముందు రోలర్‌ని చేతిలో పట్టుకుని తిప్పండి. గరగరలాడినా, పక్కకి కదిలినా, చైన్ కోసేసి గాడి పడ్డా కొత్త బేరింగు రోలర్ వేసుకోండి. టెన్షనర్ బిగించే మన సైకిల్ కింది పైపు వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, పైపుని పట్టుకునే కిట్టు క్లాంపేమో లావు పైపుకి చేసింది, అందుకే ఎంత బిగించినా జారి తిరుగుతుంది. చాలామంది ట్యూబు ముక్క చుడతారు. రబ్బరు నలిగి మళ్ళీ వదులవుతుంది కాబట్టి నాకది నచ్చదు. గరుకు వైపు పైపుకి తగిలేలా ఎమిరీ బట్ట చుట్టి, పైన పల్చని రేకు పెట్టి బిగిస్తే పట్టు బాగుంటుంది. అది చాలకపోతే వెల్డింగు షాపులో ఒక ఇనప పట్టీ కోయించి, ఒక కొన బ్రాకెట్‌కీ ఇంకో కొన ఇరుసు నట్టు కిందా బిగించండి, ఇక తిరగమన్నా తిరగదు. పైపుకి చిల్లు పెట్టి బోల్టు దోపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, పల్చని పైపు అక్కడే విరిగే ప్రమాదం ఉంది, నేను ఒప్పుకోను.

రోలర్ గాడి చైన్ కిందకి తిన్నగా రావాలి. పక్కకి ఉంటే బ్రాకెట్‌ని విప్పి వైస్‌లో పెట్టి కొంచెం మెలితిప్పండి, సైకిల్ మీద ఉండగా వంచితే పైపు నొక్కుకుపోతుంది. ఎత్తు పెట్టేటప్పుడు చక్రం తిప్పుతూ చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉండే చోటు వెతికి, అక్కడ వేలితో నొక్కితే సుమారు అర అంగుళం ఆడేలా ఉంచండి. వదులు చోట కొలిచి బిగిస్తే బిగుతు చోటుకి వచ్చేసరికి బేరింగు ఏడుస్తుంది.

ప్లగ్ క్యాప్ తీసే ఉంచి, స్టాండు దించి, సైకిల్‌ని తోస్తూ క్లచ్ మెల్లగా వదలండి. పక్కనున్నవాళ్ళని రోలర్ చూడమనండి. బ్రాకెట్ కదలకపోతే క్యాప్ పెట్టి స్టార్ట్ చేయొచ్చు, కదిలితే మళ్ళీ క్లాంపు దగ్గరికే పోవాలి. మొదటి పరీక్ష పొలం బాటలోనో రొయ్యల చెరువు కట్ట మీదో చేయండి. అన్నట్టు 1988 మోటారు వాహనాల చట్టంలో ఇలాంటి బండికి మినహాయింపు ఉన్నది ఇంజను 25 సి.సి. మించకపోతేనే. 80 సి.సి. అని అమ్మే కిట్టు బిగించి ట్రంకు రోడ్డెక్కితే పోలీసులు ఆపి కాగితాలు అడిగే హక్కుంది.

రెండు మూడు కిలోమీటర్లు తిరిగొచ్చాక స్ప్రాకెట్ బోల్టులూ క్లాంపు నట్లూ మళ్ళీ బిగించండి, కొత్తగా నలిగిన రబ్బరు రింగులు తప్పకుండా వదులవుతాయి. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వేస్తే ఆ బాధ తగ్గుతుంది.